మారుతి 800 బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది: భోగి నుంచి రథసప్తమి దాకా

భోగి

భోగి మంట దగ్గర్నుంచి వచ్చి, అమ్మని కళింగపట్నంలో మావయ్య వాళ్లింటికి తీసుకెళ్దామని తాళం తిప్పాను. సెల్ఫ్ తీసుకోలేదు. టక్‌మని ఒక్క చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు మసకబారి మళ్లీ వెలిగాయి. వీధిలో కుర్రాళ్లు నలుగురు తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకుంది.

"బ్యాటరీ మార్చీ బావూ, పండగ పూట ఏటీ అవస్థ" అన్నారు పక్కింటి పెద్దాయన. కానీ బ్యాటరీ వేసి 14 నెలలే అయింది. అంతకు ముందుది కూడా ఏడాదిన్నరకే పోయింది. వరసగా రెండు బ్యాటరీలు ఇలా పోతున్నాయంటే తప్పు బ్యాటరీది కాదేమో అనిపించింది. ఈ బండి 2003లో నాన్న కొన్నది. దాని సంగతి నేనే తేల్చుకోవాలని ఈ లెక్కలు రాసిపెట్టుకుంటున్నాను.

కనుమ మర్నాడు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక బ్యాటరీ షాపులో చూపిస్తే, చూడగానే "ఒక సెల్ పోయింది సార్" అన్నారు. ఇంటికి తెచ్చి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్ల చొప్పున రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. పొద్దున్న తీసేసి, నాలుగు గంటలు ఆగి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్‌లూ చూశాను. అన్నీ 1255కీ 1265కీ మధ్యే ఉన్నాయి. నిజంగా సెల్ పోయి ఉంటే అదొక్కటే మిగతా వాటికన్నా 50 పాయింట్లో ఇంకా ఎక్కువో కిందికి ఉండేది. టెర్మినల్స్ మీద 12.6 వోల్టులు. బ్యాటరీ బాగానే ఉంది.

మీటరు కొత్తగా పట్టేవాళ్ల కోసం: బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతే. బండి ఇప్పుడే ఆపి కొలిస్తే ఆ అంకెని నమ్మకూడదు.

తర్వాతి ఆదివారం

ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద కొలిచాను. 13.1. కనీసం 13.8 ఉండాలి. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే డైనమో మీదకి అనుమానం వెళ్లింది. నిజానికిది ఆల్టర్నేటర్, కానీ మన దగ్గర అందరికీ డైనమోనే.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకబోయారు. "తీసినాక బండి ఆగిపోతే డైనమో పోయినట్టే సార్." నేను చెయ్యి అడ్డం పెట్టాను. దయచేసి మీరూ ఎవరినీ ఆ పని చెయ్యనివ్వకండి. పాత రోజుల అసలు డైనమోలకి చెల్లిందేమో గానీ, ఆల్టర్నేటర్ నడుస్తుండగా బ్యాటరీ తీసేస్తే వోల్టేజ్ ఒక్కసారి ఎగదన్ని డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు. ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలుని కంప్యూటర్ లెక్కతో చిమ్మే) బండి అయితే ఈసీఎం, అంటే ఆ కంప్యూటర్ కూడా పోవచ్చు. ఆయన డైనమో మొత్తం మార్చేద్దామన్నారు. వద్దని వచ్చేశాను.

ఇంటి దగ్గర మళ్లీ లైట్లు, బ్లోయర్ వేసి, ఈసారి మీటరు పిన్నులు నేరుగా డైనమో మీదే పెట్టాను. ఎర్ర పిన్ను వెనక ఉన్న లావు వైరు బోల్టు మీద, నల్లది డైనమో బాడీ మీద. 14.2! డైనమో తన పని తాను చేస్తోంది. బెల్టు కూడా వేలితో నొక్కితే సెంటీమీటరే దిగుతోంది, స్లాక్ లేదు.

అయితే 1.1 వోల్టు దారిలో ఎక్కడో పోతోంది. డైనమో బోల్టు నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి కొలిస్తే 0.15, ఫర్వాలేదు. డైనమో బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కొలిస్తే 0.95. ఆ రెండూ కలిపితే సరిగ్గా 1.1.

అప్పుడు మా అబ్బాయిని తాళం తిప్పమని, సెల్ఫ్ తిరుగుతుండగా ఇంజన్ బ్లాకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూశాను. 1.8 వోల్టులు. 0.3 దాటకూడదు. సెల్ఫ్ ఎందుకు నీరసంగా తిరుగుతోందో, ఛార్జింగ్ ఎందుకు ఎక్కట్లేదో రెండింటికీ జవాబు ఒక్కటే: ఇంజన్ ఎర్త్, అంటే ఇంజన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే దారి.

ఇంకా ఏమీ విప్పకుండా, జంపర్ కేబుల్ ఒకటి తీసి బ్యాటరీ నెగటివ్‌నీ ఇంజన్ బ్లాకునీ కలిపాను. 13.1 ఉన్నది కళ్లెదుటే 14కి ఎక్కింది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు కూడా పట్టదు.

అదే సాయంత్రం

ముందు నెగటివ్ టెర్మినల్ తీసి, గేర్‌బాక్స్ మీదకి వెళ్లే ఎర్త్ వైరు విప్పాను. పైకి నిక్షేపంలా ఉంది. వైరు చివర లగ్గు (బోల్టుకి బిగించే లోహపు రింగు) దగ్గర మాత్రం తొడుగు కొంచెం ఉబ్బింది. బ్లేడుతో చీలిస్తే లోపల రాగి లేదు, పచ్చటి పొడి. వేళ్లతో నలిపితే చిలుం రాలి, నల్లబడ్డ పోగులు పుల్లల్లా విరిగాయి. ఎర్రగా మిగిలినవి ఐదో ఆరో. ఏళ్ల తరబడి కళింగపట్నం వెళ్లి, సముద్రం పక్కన రాత్రంతా బండి ఉంచేవాళ్లం. ఆ ఉప్పుగాలి లగ్గు సందులోంచి లోపలికి పాకింది.

కొత్తది 25 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు, రెండు లగ్గులు ప్రెస్ చేయించి తెచ్చాను. గేర్‌బాక్స్ మీద బోల్టు కూర్చునే చోట మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజిలిన్ రాశాను. నెగటివ్ టెర్మినల్ ఆఖరున. లైట్లు, బ్లోయర్ వేసి చూస్తే బ్యాటరీ మీద 14.05. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎర్త్ వైపు 0.2.

గురువారం

నాలుగు రోజులు బండి తియ్యలేదు. పొద్దున్న 12.15! మనసు చివుక్కుమంది. అంటే ఆపి ఉన్నప్పుడు కూడా ఏదో తాగుతోంది.

నెగటివ్ వైరు తీసి, మీటరుని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి టెర్మినల్‌కీ వైరుకీ మధ్య కలిపాను. (ఇలా ఉన్నప్పుడు తాళం తిప్పితే మీటరు పోతుంది.) 0.21 ఆంపియర్. రోజుకి ఐదు ఆంపియర్ అవర్లు, నాలుగు రోజులకి ఇరవై. సగానికి పైగా ఖాళీ, అంకె సరిపోయింది. 0.05 లోపు ఉండాలి.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వెళ్తే స్టీరియో ఫ్యూజు దగ్గర 0.02కి పడిపోయింది. సెట్టు బయటికి లాగితే, పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి చుట్టేసి టేపు వేసి ఉన్నాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, ఎర్రది తాళం తిప్పితేనే రావాల్సింది. బిగించినవాళ్లు పని తొందరగా తేల్చేశారు. ఎర్రదాన్ని విడదీసి తాళం లైనుకి కలిపాను. ఇప్పుడు 0.02.

రథసప్తమి ముందు రోజు

బ్యాటరీ మళ్లీ నిండుగా ఛార్జ్ చేసి ఐదు రోజులు కదపకుండా ఉంచాను. 12.54. ఒక్క తాళానికే అందుకుంది. అమ్మ వెనక సీట్లో కూర్చుని "మీ నాన్న ఉన్నప్పటి చప్పుడురా ఇది" అంది.

డైనమో దగ్గర సన్నగా ఒక గరగర ఉంది. స్క్రూడ్రైవర్ ఆనించి పిడికి చెవి పెడితే ముందు వైపు బేరింగ్‌లా వినిపిస్తోంది. వచ్చే ఆదివారం డైనమో దించి బేరింగ్ చూడాలి, ఎలాగూ విప్పుతాను కాబట్టి కార్బన్ బ్రష్‌లు కూడా కొలవాలి.