పెళ్ళికి పది రోజులు బడి మాన్పిస్తే

కిందటేడు కార్తీకంలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళికని బాబుని పది రోజులు స్కూల్ మాన్పించి గుంటూరు తీసుకెళ్ళాం. టెక్సాస్‌లో ఉన్న మన వాళ్ళందరం చేసే పనే ఇది. టికెట్ తక్కువున్న రోజు చూసుకుంటాం, టీచర్‌కి ఒక మెయిల్ పెడతాం, అంతే. తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోబెట్టి, కోపంగా కాదు, మెల్లగానే చెప్పారు, మీ అబ్బాయి రాని ప్రతి రోజూ మా బడికి డబ్బు తగ్గుతుందని. పదిహేనేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటూ కూడా నాకు ఈ సంగతి తెలియదు.

మా వాడు చదివేది ఒక చిన్న చార్టర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో. చార్టర్ అంటే గవర్నమెంటు డబ్బుతో వేరే సంస్థ నడిపే బడి. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ బడులు నడిపే విభాగం, జిల్లా కాదు, పెద్దగా ఊహించుకోకండి, అద్దె బిల్డింగులో నడిచే బడి అది. ఇక్కడి చట్టం ప్రకారం చార్టర్ నడిపే సంస్థే ఒక డిస్ట్రిక్ట్ కింద లెక్క. అంతకుముందు వాడు మూడు వేల మంది పిల్లలుండే హైస్కూల్‌కి వెళ్ళేవాడు. రాష్ట్రం ఆ స్కూల్‌కి ఇచ్చిన రేటింగ్ చూసే మేం ఇల్లు కొన్నాం. తొమ్మిదో తరగతి సగంలో వాడికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది, ఆ తర్వాత గదిలోంచి రావడం మానేశాడు, ఆల్జీబ్రా పోయింది. ఆ నెలలు ఇప్పుడు తలుచుకున్నా నాకు గుండె దడగానే ఉంటుంది.

బడి మార్చామని తెలియగానే మన వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "ఆల్టర్నేటివ్ స్కూలా? ఏం చేశాడేంటి?" తప్పు చేసిన పిల్లల్ని కొన్నాళ్ళు పంపే క్రమశిక్షణ కేంద్రాలు ఇక్కడి డిస్ట్రిక్టుల్లో విడిగా ఉంటాయి, అవి వేరు, ఇది వేరు. పరీక్షలు తప్పినవాళ్ళు, ఒక క్లాసు వెనకబడినవాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు, చిన్న వయసులోనే తల్లులైనవాళ్ళు, ఇలాంటి పిల్లలు నూటికి కనీసం 75 మంది ఉంటేనే ఆ బడికి ఆల్టర్నేటివ్ లెక్క కింద రేటింగ్ ఇస్తారు, మా వాడి బడి అలాంటిదే. అమెరికాలో మొట్టమొదటి చార్టర్ స్కూల్, 1992లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో తెరిచినది, అది కూడా చదువు మధ్యలో ఆపేసిన పిల్లల కోసమే పెట్టారు.

అమ్మకి ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక, "మన ఊరి ఎయిడెడ్ స్కూల్ లాంటిదమ్మా, నడిపేది వేరేవాళ్ళు, డబ్బు గవర్నమెంటుది, ఫీజు ఉండదు" అన్నాను. వెంటనే అర్థమైంది ఆవిడకి. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఎయిడెడ్ బడిలో ప్రభుత్వం టీచర్ జీతం ఇచ్చేది. ఇక్కడ తలకింత అని ఇస్తారు, అది కూడా పేరు రాయించుకున్న పిల్లల్ని బట్టి కాదు, రోజూ వచ్చిన పిల్లల సగటుని బట్టి. ఒక పిల్లవాడికి ఏడాదికి ఇచ్చే మూల మొత్తం, బేసిక్ అలాట్‌మెంట్ అంటారు, 2019 నుంచి 6,160 డాలర్లే ఉండిపోయింది. 2025లో టీచర్ల జీతాలకు విడిగా కొంత ఇచ్చి, దీన్ని మాత్రం 55 డాలర్లు పెంచారు. బడి రోజులతో భాగిస్తే రోజుకి సుమారు 35 డాలర్లు. మా పెళ్ళి ప్రయాణం ఆ బడికి సుమారు 350 డాలర్ల నష్టం. పెద్ద స్కూల్‌కి అది లెక్కలోకి రాదేమో, ఇక్కడ మాత్రం అలాంటి పది కుటుంబాలు చాలు, సాయంత్రం ట్యూషన్ చెప్పే మనిషిని ఆపేయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి, మేం కట్టే ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే వెళ్తుంది, మా వాడి బడికి నేరుగా ఒక్క డాలర్ రాదు. చార్టర్లకి పన్ను వేసే హక్కు లేదు, బిల్డింగుల కోసం బాండ్లతో అప్పు తెస్తామని జనాన్ని ఓట్లు అడిగే వీలూ లేదు. రాష్ట్రంలోని చార్టర్లన్నిటికీ కలిపి బిల్డింగుల కోసం ఏడాదికి కొంత డబ్బు ఇస్తారు, దాని కోసం కూడా రేటింగ్ బాగుండాలి. అంటే ఎక్కువ సాయం కావాల్సిన పిల్లల్ని చేర్చుకున్న బడికే, వాళ్ళ మార్కులు తగ్గితే అద్దె డబ్బు కూడా పోతుంది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. వరుసగా మూడేళ్ళు ఫెయిల్ రేటింగ్ వస్తే, చదువులో వచ్చినా డబ్బు లెక్కల్లో వచ్చినా, 2013 చట్టం ప్రకారం చార్టర్, అంటే బడి నడిపే అనుమతి, రద్దు చేసేస్తారు. ఆ నియమం మాత్రం ఉండాలి. ప్రజల డబ్బుతో నడుస్తూ పిల్లలకి చదువు చెప్పని బడులు కూడా ఉంటాయి కాబట్టి.

నేను అడిగేదల్లా, రేటింగ్‌గా ఇచ్చే ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న ఆ ఒక్క అక్షరం చూసి ఆగిపోవద్దనే. హైస్కూల్ పిల్లలకి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా, బయాలజీ, యూఎస్ హిస్టరీ, రెండు ఇంగ్లిష్‌లు. చిన్న బడిలో ఒక పరీక్ష ఇరవై మందే రాశారనుకోండి, ఒక్కరు తప్పితే 5 శాతం పోయినట్టే. ఆ ఒక్కరు ముందు రోజు రాత్రి కారులో పడుకుని వచ్చిన పిల్ల కావచ్చు. మనం ఇంటర్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం, అంకె కనిపిస్తే దాని వెనక ఎంతమంది ఉన్నారో అడగడం అలవాటు లేదు. నేనూ అడగలేదు, మా వాడు ఆ అంకెలో ఒకడయ్యేదాకా.

డబ్బు లెక్కల రేటింగ్ మీద, పిల్లల ఫలితాల మీద ప్రతి డిస్ట్రిక్టూ ఏటా బహిరంగ సమావేశం పెట్టాలి, ఎవరైనా వెళ్ళొచ్చు. పోయినసారి వెళ్ళాను. హాల్లో తల్లిదండ్రులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. అద్దె ఎంత, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు ఎంతమంది, మధ్యలో వెళ్ళిపోయిన పిల్లలు ఎక్కడికి వెళ్ళారు, అన్నీ అడిగాను. కొన్నిటికి సూటిగా చెప్పారు, కొన్నిటికి తర్వాత రాసి పంపారు.

ఈ డిసెంబర్‌లో మా అక్క కూతురి పెళ్ళి. అదే వారం వాడికి ఇంగ్లిష్ రెండో పరీక్ష మళ్ళీ రాసే అవకాశం ఉంది, స్కూల్ సెలవులు ఆ తర్వాత మొదలవుతాయి. ముహూర్తానికి మావారు ఒక్కరే వస్తారు, నేనూ బాబూ వ్రతానికి వస్తామని అక్కకి చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పరీక్ష ఎన్ని గంటలకి అని అడిగింది.