పాకాల దారిలో పొగ పొయ్యి

వరంగల్‌లో నర్సంపేట బస్సెక్కినప్పుడు నా సంచిలో ఒక జత బట్టలు, వాటి మధ్య జాగ్రత్తగా చుట్టిన ఒక థర్మామీటర్ ఉన్నాయి. దానికి పొడవాటి సూది ఉంటుంది. చేప కండలోకి గుచ్చితే లోపల ఎంత వేడి ఉందో చూపిస్తుంది. పాతది పాడైందని, కొత్తది వచ్చేదాకా పొయ్యి ముట్టించేది లేదని వదిన ఫోన్‌లో గట్టిగా చెప్పింది. రేపు చెరువులో వలలు పడుతున్నాయి కాబట్టి ఆ సాయంత్రానికల్లా నేను చేరాల్సిందే.

వాళ్ళది నర్సంపేట దాటాక, పాకాల వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరు. బడిలో నాతో చదివిన దోస్తుకు అన్న, ఆయన భార్య (నాకూ అన్నా వదినలే) కలిసి ఇంటి వెనక చేపలకు పొగ పెట్టి అమ్ముతారు. రెండేళ్ళుగా హనుమకొండలో మా ఇంటికి వాళ్ళ చేప వస్తోంది. తినడమే తప్ప ఎలా చేస్తారో ఎన్నడూ చూడలేదు.

పొద్దు గూకే ముందు అన్న బండి మీద పాకాల కట్ట దాకా తీసుకెళ్ళాడు. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో గుట్టల మధ్య కట్టిన చెరువు ఇది. నిండితే దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. ఇక్కడి నుంచి సాగే వాగే ముందుకెళ్ళి మున్నేరై కృష్ణలో కలుస్తుంది. చుట్టూ అభయారణ్యం. ఏప్రిల్ నెల కాబట్టి నీళ్ళు బాగా లోపలికి జరిగి ఉన్నాయి. "ఇందుల చాప ఏండ్లకేండ్లు బతుకుతది తమ్మీ, మా ఊరి చెర్ల ఎనిమిది నెలలే దాని బతుకు" అన్నాడు అన్న. ఆ మాట లోతు నాకు మర్నాడు పొద్దున అర్థమైంది.

నాలుగింటికి లేపారు. ఊరి చెరువు కట్ట మీదికి వెళ్ళేసరికి మత్స్యకారుల సొసైటీ సభ్యులు అప్పటికే థర్మాకోల్ తెప్పల మీద లోపలికి వెళ్ళి వలలు లాగుతున్నారు. చెరువు నిండితే నీళ్ళు పొర్లే మత్తడి పక్కన రెండు ఆటోట్రాలీలు, ఐస్ పెట్టెలు, కాంటాలు. తెల్లారేసరికి ఒడ్డున గుట్టలు పడ్డాయి. రవ్వలు, బొచ్చెలు, బంగారు తీగలు, పొట్ట తెల్లగా మెరిసే జెల్లలు, వలలో చిక్కుకుని వచ్చిన జిలేబీలు (తిలాపియా), గుప్పెడు పరకలు. పిల్లలు బురదలో దిగి జారిపోయిన చేపల్ని పట్టుకుంటున్నారు. ఆ సందడి చూస్తే జాతరలా ఉంది.

కానీ ఆ సందడిలోనే వాళ్ళ నష్టం కూడా ఉంది. ఏడాదంతా కాపాడిన చేప ఒక్క పొద్దున ఒక్కసారే ఒడ్డుకు వస్తుంది. ఎండ ముదిరేలోపు అమ్మాలి. ఐస్ సరిపోదు. పక్క ఊళ్ళ చెరువులు కూడా ఈ రోజుల్లోనే ఎండిపోతాయి, అక్కడా వలలు పడుతుంటాయి. మారుబేరగాళ్ళకు ఇదంతా తెలుసు. పొద్దున చెప్పిన ధర పదిగంటలకు ఉండదు, మధ్యాహ్నానికి సగానికి వస్తుంది. జూన్‌లో మృగశిర కార్తె నాడు తెలంగాణ మొత్తం చేప తింటుంది, ఆ రోజు ధర ఎక్కడికో పోతుంది. అప్పటికి వీళ్ళ చెరువులో అమ్మేంత చేప ఉండదు.

పొగ పొయ్యి అవసరం ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. పొగకు రుచి ఉంటుంది, నిజమే. అంతకంటే ముందు అది చేపకు వ్యవధి ఇస్తుంది. ఈ రోజే తెగనమ్మాల్సిన చేపను వారం రోజుల పాటు, అడిగిన వాళ్ళకు అడిగినంత, న్యాయమైన ధరకు అమ్ముకోవచ్చు.

అన్న తన కాంటా వేరేగా పెట్టుకున్నాడు. ఆయన ఏం కొంటున్నాడో చూడటం కంటే ఏం వద్దంటున్నాడో చూడటం నాకు ఆసక్తిగా అనిపించింది. రవ్వ గానీ బొచ్చె గానీ కిలోకు తక్కువ తూగితే తీసుకోడు. కిలో దాటితే ట్రాలీ వాళ్ళకంటే ఎక్కువ ఇస్తాడు. మొదట్లో తోటి సభ్యులే కోపం చేశారట. అర కిలో చేపను మీ ఆయన వద్దంటాడేందని వదినను నిలదీశారట. పెద్ద చేపకు ఎక్కువ డబ్బులొస్తున్నాయని తెలిశాక రెండో ఏడాది నుంచి కొందరు సన్న కన్ను వలలు పక్కన పెట్టి పెద్ద కన్ను వలలు కొన్నారు. చిన్న చేప ఆ కన్నులోంచి జారి నీళ్ళలోనే మిగులుతోంది. ఎండాకాలమంతా నీళ్ళు నిలిచే మడుగు ఒకటి చెరువు మధ్యలో ఉంది. ఆ మడుగులో మిగిలింది వచ్చే ఏటికి రెండు కిలోలు దాటుతుంది. "మేం చెప్తె ఎవలిన్లే. కాంటా చెప్తె ఇన్నరు" అన్నాడు.

రవ్వ, బొచ్చె వాటంతట అవి చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి వరదలో పారే నది కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పీయూష గ్రంథి రసం ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా ఆ రోజున జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతారు. మన ఊళ్ళ చెరువుల్లోకి ఈ రోజు చేప పిల్లలు వస్తున్నాయంటే దాని మూలం అక్కడుంది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం సొసైటీలకు ఉచితంగా పిల్లల్ని ఇస్తోంది. వానలు పడ్డాక వదిలిన పిల్లను పెరగనీయకుండా అర కిలోకే లాగేస్తే, దాని మీద పెట్టిన ఖర్చూ కష్టమూ సగం నీళ్ళపాలే. ఈ లెక్క అన్నకు బాగా తెలుసు.

కొర్రమట్టను మాత్రం ఆయన ఎప్పుడూ కొనడు. బతికున్న కొర్రమట్టకే మంచి ధర, దాన్ని పొగలో పెట్టడం దండగ. ఇంకో కారణం కూడా ఉంది. వానాకాలంలో ఎర్రెర్రటి పిల్లల గుంపును వెంటేసుకుని తల్లీతండ్రీ కాపలా కాస్తూ తిరుగుతాయి. ఆ సమయంలో పెద్దదాన్ని పట్టుకుంటే గుంపంతా వేరే చేపల నోట్లో పడుతుంది. మన రాష్ట్ర చేప అదే కదా, ఆ మాత్రం మర్యాద ఇవ్వాలనిపించింది నాకు. జిలేబీ విషయంలో మాత్రం సైజు పట్టింపు లేదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ పరాయి చేప చెరువుల్లో తెగ పెరిగి, మన చేపలకు తిండి లేకుండా చేస్తుంది. ఎంత పడితే అంత కొంటాడు. ముళ్ళు తక్కువ కాబట్టి పిల్లలున్న ఇళ్ళ వాళ్ళు దాన్నే అడుగుతారట.

ఇంటికొచ్చాక పని వదినది. పొలుసులు గీకి, మొప్పలు, పేగులు తీసేసి, పెద్ద చేపను వీపు వైపు నుంచి పుస్తకంలా తెరిచింది. కడుపులోని నల్ల పొరను వేలితో రుద్ది తీసింది, అది మిగిలితే చేదు వస్తుందట. పది లీటర్ల నీళ్ళకు కిలో ఉప్పు కలిపి, ముక్క మందాన్ని బట్టి గంటో గంటన్నరో నానబెట్టింది. తర్వాత మంచినీళ్ళలో ఒకసారి ముంచి తీసి, సాయంత్రం దాకా ఐస్‌లో పెట్టింది. నాలుగున్నరకు ఇనుప చువ్వలకు గుచ్చి దోమతెర లోపల వేలాడదీసింది. గంట తర్వాత "ముట్టి సూడు" అంది. తడి లేదు, పూర్తిగా ఎండనూ లేదు. వేలికి సన్నగా అంటుకుంటోంది. ఆ జిగురు పొర వచ్చాకే పొగ పట్టుకుంటుంది. తడి చేపకు పొగ పెడితే మసి అంటుతుందే కానీ రుచి పట్టదు.

పొయ్యి ఇటుకలతో కట్టింది, నా ఛాతీ ఎత్తు ఉంటుంది. లోపల ఒకదాని మీద ఒకటి నాలుగు జాలీ పళ్ళాలు. ఘానా దేశంలో చోర్కోర్ అనే వాడలో చేపలకు పొగ పెట్టే ఆడవాళ్ళ కోసం వచ్చిన పొయ్యిలో కూడా ఇలాగే పళ్ళాలు దొంతరగా పేరుస్తారు. కట్టె బాగా కలిసి వస్తుంది. వదిన ఆ వీడియోలు చూసే కట్టించుకుంది. అయితే మంట గూడు పక్కకు పెట్టించి, పొగ ఒక కాలువలోంచి లోపలికి వచ్చేలా మార్చింది. చేప నూనె నేరుగా నిప్పుల మీద కారి మండితే ఆ పొగలో క్యాన్సర్ కలిగించే పదార్థాలు పెరుగుతాయి. అందుకే కింది పళ్ళెం కింద నూనె పట్టే రేకు కూడా పెట్టింది. నాకు వదిన మీద గౌరవం పెరిగింది.

ఇక కట్టె. పక్కనే అడవి ఉన్నా అందులోంచి ఒక్క పుల్ల తేరు. శిఖం భూముల్లో (చెరువు నీళ్ళు కమ్మే నేలల్లో), కట్ట మీద దట్టంగా అల్లుకున్న సర్కారు తుమ్మ కొట్టి తెస్తారు. ఎంత కొట్టినా మళ్ళీ మొలిచే మొండి చెట్టు, కొడితే చెరువుకే మేలు. అమెరికాలో మాంసానికి పొగ పెట్టే మెస్కీట్ కట్టె ఈ చెట్టు కుటుంబానిదేనని నేను చెబితే వదిన నవ్వి "అయితె మనది ఫారిన్ పొగనే" అంది. వేడికి తుమ్మ మొద్దులు, పొగకు మామిడి చెక్కలు. మొదటి ఏడాది ఒక ఫర్నిచర్ షాపు నుంచి చిత్రిక పొట్టు తెచ్చారట. అందులో పాలిష్ వేసిన చెక్క పొట్టు కలిసింది. ఇరవై కిలోల చేప చేదైపోయింది. ఎవరికీ అమ్మకుండా గుంత తీసి పూడ్చారు. ఆ సంగతి చెప్పేటప్పుడు అన్న గొంతు ఇంకా బరువెక్కింది.

ఆరింటికి ముట్టించారు. మొదటి గంట తలుపు కొంచెం తెరిచి, సన్న సెగ. తర్వాత తలుపు మూసి వేడి పెంచారు. చల్లటి పొగ పెట్టే పద్ధతి గురించి అడిగాను. దానికి గూడు లోపల 30 డిగ్రీలు దాటకూడదు. మా దగ్గర ఏప్రిల్‌లో రాత్రి ఏడింటికి వాకిట్లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే ఇక్కడ వేడి పొగ ఒక్కటే దారి.

తొమ్మిదిన్నరకు నేను తెచ్చిన థర్మామీటర్‌ను అన్నింటికంటే మందంగా ఉన్న బొచ్చె ముక్కలో గుచ్చాం. 54 డిగ్రీలు. ముగ్గురం స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. చిన్నప్పుడు ముసురు రోజుల్లో మా నాయనమ్మ కట్టెల పొయ్యి పైన దండెం కట్టి పరకలు వేలాడదీసేది. ఇల్లంతా ఆ వాసనే. ఎండ లేనప్పుడు పొగే ఎండ అనేది. ఈ వాకిట్లో అదే వాసన, కాకపోతే ఇక్కడ పక్కన నోటుపుస్తకం, అందులో టైము, డిగ్రీలు. పదింటికి 63 దాటింది. నేను లేవబోతే వదిన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ వేడి మీద ఇంకో అరగంట నిలవాలి, అప్పుడే తీయాలి.

తీసిన చేప తేనె రంగులో ఉంది. ఈ రంగు కోసం పసుపో మరోటో పూసి పొగ చేప అని అమ్మే వాళ్ళున్నారు, నాకు అది మోసమే. వేడి వేడి బొచ్చె పొట్ట ముక్క, జొన్న రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ. రవ్వ కంటే బొచ్చె పొట్టలో కొవ్వు ఎక్కువ, పొగ అంతా అందులోనే ఉంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

పది కిలోల పచ్చి చేప తూకం చివరికి ఐదు కిలోలకు లోపే వచ్చింది. వ్యాక్యూమ్ ప్యాక్ చేస్తే సిటీకి పంపొచ్చు కదా అని అడిగాను. వదిన ఒప్పుకోలేదు. గాలి తగలని ప్యాకెట్‌లో బొట్యులిజం అనే, ప్రాణం తీయగల విషాహార జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు. వాటిలో ఒక రకం ఫ్రిజ్‌లో కూడా, 3 డిగ్రీలు దాటితే చాలు పెరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. ఊరి ఫ్రిజ్, రోజూ పోయే కరెంటు, వీటి మీద ఆ నమ్మకం పెట్టలేనంది. అందుకే కాగితంలో చుట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, హనుమకొండ దాకానే పంపుతారు. వారంలో తినేయాలని ప్రతి పొట్లం మీద తేదీ రాస్తారు.

పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే నాలుగు పొట్లాలు ఐస్‌లో సర్ది ఇచ్చింది. థర్మామీటర్ డబ్బులు అన్న ఇవ్వబోతే నేను తీసుకోలేదు. కాసేపు గుంజాటన అయ్యాక వదిన తీర్పు చెప్పింది: జూలై, ఆగస్టు చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి పొయ్యి బంద్ ఉంటుంది, మళ్ళీ ముట్టించే రోజున నేను ఉండాలి, అప్పుడు లెక్క చూసుకుందామంది. నర్సంపేట స్టాండులో దిగేలోపే ఫోన్ మోగింది. చెరువులో ఇంకో వల పడిందట, రెండు కిలోల పైన బంగారు తీగలు వచ్చాయట, ఈ రాత్రి మళ్ళీ పొయ్యి ముట్టిస్తున్నారట.