నిచ్చెన గీసి, చెరిపి: మధ్య చెవి మీద నా సెమినార్

ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాదిలో సెమినార్‌కి నాకు మధ్య చెవి పరిణామం వచ్చింది. మొదటి రోజే నోట్సులో నిచ్చెన గీసుకున్నాను. కింద చేప, పైమెట్టున కప్ప, ఆపైన తొండ, అన్నిటికీ పైన మనం. కర్ణభేరి కప్పల్లో పుట్టి మిగతా జంతువులకు సంక్రమించిందని ఇంటర్ రోజుల నుంచీ నా నమ్మకం.

రెండో రోజు డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో పుర్రెల ట్రే ముందు కూర్చున్నాను. "మెల్లగా అమ్మా, ఆ పుల్ల విరిగితే మళ్ళీ దొరకదు" అంటూ ల్యాబ్ అటెండర్ గారు భూతద్దం చేతికిచ్చారు. ఆ పుల్లే కొలుమెల్లా, మన మధ్య చెవిలోని అంకవన్నె (స్టేపిస్) అనే ఎముకకు సాటి. తొండలో దాని ఒక కొస లోపలి చెవి కిటికీలో కూర్చుంటుంది. రెండో కొసకున్న మృదులాస్థి కర్ణభేరిని అంటుకుంటుంది. జెర్రిపోతుకు కర్ణభేరీ లేదు, మధ్య చెవి గదీ లేదు. పుల్ల మాత్రం ఉంది, దవడ కీలులో పైనుండే క్వాడ్రేట్ ఎముకను పట్టుకుని. నేల అదురు కింది దవడకు తగిలి, క్వాడ్రేట్ మీదుగా, ఆ పుల్ల గుండా లోపలి చెవికి చేరుతుంది. పామును చక్షుశ్రవం, అంటే కళ్ళతో వినేది, అన్న మన నిఘంటువులకు ఈ దారి తెలియదు!

చేపల్లో ఈ పుల్ల హయోమాండిబ్యులా అనే ఎముక, దవడను కపాలానికి ఆనించే ఊతం. మరి వినడానికి ఎప్పుడు పనికొచ్చింది? అక్కడ మూడు రోజులు ఆగిపోయాను. గ్రీన్‌లాండ్‌లో దొరికిన, సుమారు 36 కోట్ల ఏళ్ళనాటి అకాంతోస్టెగా అనే తొలి నాలుగుకాళ్ళ జంతువు నన్ను ముందుకు నడిపింది. దాని అంకవన్నెను శిలాజ శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ 1989లో వర్ణించారు. మొద్దులాంటి, పొట్టి ఎముక. గాలిలో వచ్చే సన్నని శబ్దానికి అది కదలదు. తొలి సరీసృపాల్లోనూ అంతే లావు. అంటే కాళ్ళు వచ్చాక కోట్ల ఏళ్ళపాటు కర్ణభేరి లేదు.

కప్పల కర్ణభేరి వేరు, సరీసృపాలది వేరు అని లొంబార్డ్, బోల్ట్ అనే పరిశోధకులు 1979లోనే వాదించారు. నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం అది అమరిన చోటు. తొండలో కర్ణభేరి క్వాడ్రేట్ వెనక ఉంటుంది. క్షీరదాల్లో దాన్ని పట్టి ఉంచే ఉంగరం ఒకప్పటి కింది దవడ ఎముక. ఒకే పొర వారసత్వంగా వచ్చి ఉంటే ఇంత తేడా ఎందుకుంటుంది? పాత ఎముక ఒక్కటే, దానికి పొర బిగించుకోవడం వేర్వేరు వంశాల్లో విడివిడిగా జరిగింది. నిచ్చెన చెరిపి కొమ్మలు గీశాను.

సెమినార్ రోజు మేడమ్ ఒకటే అడిగారు: "మన చెవిలోని మిగతా రెండు ఎముకలు, కూటకం, దాగలి, ఈ ట్రేలో ఎక్కడున్నాయో చూపించు."

పెన్సిల్ మొన తొండ దవడ కీలు మీద పెట్టాను. పైన క్వాడ్రేట్, అది మన దాగలి. కింద ఆర్టిక్యులర్, అది మన కూటకం. 1837లో రైకర్ట్ అనే శాస్త్రవేత్త పంది పిండాల్లో చూసింది ఈ రెంటినే.