తలుపు తీయకమ్మా!

2005లో చంద్రముఖి తెలుగులో విడుదలైనప్పుడు మా ఊరి హాలులో మొదటి వారమే చూశాను. ఆ సినిమా గురించి తలుచుకుంటే రజనీకాంత్ కంటే ముందు మా వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ గుర్తుకు వస్తారు. ఎవరెన్ని చెప్పినా వినకుండా గంగ అనే పాత్ర, దెయ్యం ఉందని అందరూ భయపడే ఆ మూసి ఉన్న గది తెరవడానికి సిద్ధపడినప్పుడు ఆవిడ ముందుకు వంగి, నా కుర్చీ వీపు పట్టుకుని, "వద్దమ్మా, తీయకమ్మా, పెద్దవాళ్ళు చెప్తే వినాలమ్మా" అని సొంత కూతురిని బతిమాలినట్టు బతిమాలారు. గది తెరుచుకున్నాక "తీసేసింది" అని నీరసంగా వెనక్కి వాలిపోయారు.

భయపెట్టే సినిమాల్లో పాత్రలు చేసే తప్పుల గురించి మాట వచ్చినప్పుడల్లా, ప్రేక్షకులకు ఆ పాత్రలంటే చులకన అనీ, వాటిని తిట్టుకోవడంలోనే వారికి సరదా ఉందనీ చాలామంది అంటారు. ఆ పెద్దావిడ గొంతు విన్న నేను ఈ మాట ఒప్పుకోలేను. హాలులో రెండు రకాల స్పందనలు ఉంటాయి, ఒకటి అరుపు, రెండోది నవ్వు. పాత్ర మీద మమకారం ఉన్నచోట ప్రేక్షకుడు అరుస్తాడు. ఆ మమకారం తెగిపోయినచోట నవ్వుతాడు.

అరుపు ఎందుకు వస్తుందో ఉత్కంఠభరిత సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ ఎప్పుడో వివరించారు. బల్ల కింద బాంబు ఉందని ఎవరికీ తెలియకుండా అది పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు మాత్రమే. అదే బాంబు సంగతి ముందుగా ప్రేక్షకుడికి ఒక్కడికే తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవారు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, పదిహేను నిమిషాల పాటు అతడి ప్రాణం కుదుట పడదు. మనకు నేపథ్య సంగీతం వినిపిస్తుంది, పోస్టరు చూసి, దెయ్యం సినిమా అని తెలిసే టికెట్టు కొనుక్కుని వచ్చాం. పాత్రకు అవేవీ లేవు. ఆమెకు అది మామూలు రాత్రి, తన సొంత ఇల్లు.

మూడేళ్ళ కిందట అమ్మమ్మ ఇంట్లో నాకూ అలాంటి మామూలు రాత్రే ఎదురైంది. రెండు గంటల వేళ పెరట్లోని రేకుల మీద ధన్‌మని ఏదో పడింది. "పొద్దున్నే చూసుకుందాం, పడుకోరా" అని అమ్మమ్మ మంచం మీద నుంచే అంది. పది నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ ఆ చప్పుడు చెవిలోనే ఉండిపోయింది. చివరికి చెప్పులు కూడా వేసుకోకుండా, సెల్‌ఫోన్ వెలుగులో పెరటి తలుపు గడియ తీసి బయటికి వెళ్ళాను. అది ఎండిన కొబ్బరి మట్ట. తిరిగి వచ్చి పడుకున్నాక గంగ గుర్తుకు వచ్చింది. వెళ్ళడం కంటే తెలియకుండా ఉండడమే కష్టమని ఆ రాత్రి నాకు అర్థమైంది.

ప్రమాదం కళ్ళ ముందే ఉన్నా కదలకుండా ఉండిపోవడం కూడా మనుషుల్లో ఉన్నదే. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, గదిలో కూర్చుని ప్రశ్నపత్రం నింపుతున్నవారి మీదికి గోడలోని సందు గుండా పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్ళి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుని ఉన్నప్పుడు మాత్రం పదిమందిలో చెప్పినవాడు ఒక్కడే. మిగిలినవారు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ రాసుకుంటూనే ఉన్నారు. అదే దృశ్యం తెర మీద చూస్తే "లేచి పోరా" అని అరిచేవాళ్ళం.

పాత్ర చేసే తప్పు వెనుక కారణం ఉంటుందన్న విషయాన్ని 1996లో వచ్చిన హాలీవుడ్ సినిమా స్క్రీమ్‌లో ఎంతో నేర్పుగా చూపించారు. వీధి తలుపు గుండా పారిపోవలసిన అమ్మాయి మేడ మెట్లెక్కే సినిమాలంటే తనకు గిట్టదని కథానాయిక ఫోనులో చెబుతుంది. కాసేపటికి హంతకుడు మీద పడినప్పుడు ఆమె వీధి తలుపు దగ్గరికే పరుగెడుతుంది గానీ, భయంతో తానే వేసుకున్న గొలుసు అడ్డం పడడంతో మెట్లెక్కక తప్పదు. అక్కడ ఎవరికీ నవ్వు రాదు, ఎందుకంటే ఆ గొలుసు వేస్తున్నప్పుడు మనం కూడా "మంచి పని చేశావు" అనుకున్నాం.

నవ్వు వచ్చేది కారణం లేనిచోట. నలుగురూ కలిసి ఉండగా "విడివిడిగా వెతుకుదాం" అనడం, దీపం ఉన్నా వెలిగించకపోవడం వంటివి పాత్ర చేసే తప్పులు కావు, రచయిత చేసే తప్పులు. హాలు ఆ తేడాను క్షణంలో పసిగడుతుంది, ఆ తరువాత ఎంత పెద్ద చప్పుడు చేసినా ఎవరూ ఉలిక్కిపడరు. 2022లో వచ్చిన తెలుగు దెయ్యం సినిమా మసూదలో కథానాయకుడు గోపీ పిరికివాడు, ఆ సంగతి మనకు మొదటి నుంచీ తెలుసు. అయినా పక్కింటి తల్లీ కూతుళ్ళ కోసం వణుకుతూనే అతడు ముందుకు వెళుతున్నప్పుడు, "వెళ్ళకురా" అని అనబోయిన నేను ఆ మాట మింగేసి, కుర్చీ చేయి గట్టిగా పట్టుకుని అతడి వెంటే వెళ్ళాను.