'క్లీన్!' అని మెసేజ్ పెట్టాక

ఇప్పుడే ఋషికొండ ఐటీ కొండ దిగి వచ్చాను. టెన్షన్ ఇంకా దిగలేదు.

మా టీమ్ కోడ్ అంతా దాచుకునే గిట్ రిపోజిటరీలో బ్రాంచులు, అంటే ఒక్కో పనికి విడిగా తీసుకునే పాయలు, 140 దాటాయి. 'న్యూ', 'టెస్ట్', 'ఫైనల్', 'ఫైనల్2'. పెట్టినవాడికి కూడా గుర్తుండని పేర్లు. ఊడ్చే పని మా టీమ్ లీడ్ నా నెత్తిన పెట్టాడు. ఫెచ్ చేసి, అంటే సర్వర్‌లో ఉన్నవి నా మెషీన్‌కి దించుకుని, లిస్టు తీయడం పది నిమిషాల పని.

అసలు బ్రాంచి అయిన మెయిన్‌లో మెర్జ్ అయినవేవో (కలిసిపోయినవేవో) చూపించమంటే గిట్ తొమ్మిదే చూపించింది. మేం చేసేది స్క్వాష్ మెర్జ్. బ్రాంచిలోని కమిట్లన్నీ (సేవ్ చేసిన మార్పులన్నీ) మెయిన్‌లో ఒకే కొత్త కమిట్‌గా చేరతాయి, పాతవి ఆ చరిత్రలో ఉండవు. అందుకే పని ఎప్పుడో కలిసిపోయినా గిట్ లెక్కలో కలవనట్టే. ఈ లిస్టు దండగ అనుకుని, నాకు తెలిసిన నాలుగు వదిలి మిగతావన్నీ సర్వర్‌లోంచి లేపేశాను. సర్వర్‌కి మార్పులు పంపే పుష్ కమాండ్‌తో డిలీట్ చేస్తే అది మెర్జ్ అయిందా లేదా అని అడగదు మరి. పైగా గ్రూపులో 'క్లీన్!' అని మెసేజ్ కూడా పెట్టాను.

నాలుగింటికి జూనియర్ అమ్మాయి వచ్చింది. "అన్నా, నా పేమెంట్ బ్రాంచి కనపడట్లేదు." ఎనిమిది రోజుల పని. ముందురోజే ఆమె లాప్‌టాప్ చచ్చిపోయింది, చేతిలో ఉన్నది కొత్తది, ఖాళీది. లీడ్ అందరి ముందూ స్క్రీన్ షేర్ చేసి, "ఇల్లు ఊడవమంటే గోడ కూల్చావు కదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. కాఫీ మెషీన్ దగ్గరున్నవాళ్లు కూడా.

రిఫ్‌లాగ్, అంటే బ్రాంచి కొస ఎప్పుడెప్పుడు ఎక్కడుందో గిట్ రాసుకునే చిట్టా, చూడమని లీడే సలహా ఇచ్చాడు. చూశాను. సర్వర్ బ్రాంచి తీసేస్తే నా మెషీన్లో దాని జాడతో పాటు ఆ రిఫ్‌లాగూ పోయింది. డిలీట్ మెసేజ్‌లో హ్యాష్ (కమిట్‌ని గుర్తుపట్టే కోడ్) కూడా ఉండదు. పొద్దున ఫెచ్ చేశాను కాబట్టి కమిట్లు నా డిస్కులోనే ఎక్కడో ఉండాలి. డిస్కులోని గిట్ డేటా అంతా వెతికే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నడిపితే ఏ బ్రాంచికీ చెందని దిక్కులేని కమిట్లు గుట్టగా బయటపడ్డాయి. ఇది కనుక్కున్నది నేనే, లీడ్ కాదు. ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయాను. రాత్రి ఏడు గంటలు దాటాక ఒకటి తగిలింది: ఆమె పేరు, కిందటి రాత్రి టైము, మెసేజ్ 'ఆకలి, రేపు చూద్దాం'. అదే ఆ బ్రాంచి కొస, చివరి కమిట్. దాని వెనక ఎనిమిది రోజులూ వరసగా ఉన్నాయి. ఆ హ్యాష్ మీద బ్రాంచి కట్టి పుష్ చేశాను.

మీరూ ఊడ్చేముందు ప్రతి బ్రాంచి కొస హ్యాష్‌నీ ఫైల్లో రాసిపెట్టుకోండి, ఎవరిదో వాళ్లనే అడగండి. 'ఫైనల్2' అని పేరు పెట్టినవాళ్లని మాత్రం అడగక్కర్లేదు.

ఆ అమ్మాయి తన 'ఆకలి' కమిట్ చూసుకుని నవ్వింది. లీడ్ ఆరింటికే ఇంటికెళ్లిపోయాడు.