కంకిపాడు దగ్గర ముల్లు పైకి లేచింది: మా పాత కారు రిపేర్ల లెక్క

మా కారు 2010 మే నెలది. పెట్రోలు, చిన్న హ్యాచ్‌బ్యాక్. నాన్న కొన్నారు, బందరులోనే పదేళ్లు నడిపారు, చూపు మందగించాక 2021లో తాళాలు నా చేతిలో పెట్టారు. అప్పటికి అరవై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు కాబట్టి ఇంజన్ కొత్తదానికింద లెక్క అనుకున్నాను. రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ ముక్కలు, వాషర్లు బండి షెడ్డులో ఉన్నా ముసలివైపోతాయని అప్పట్లో తట్టలేదు.

2024 మార్చిలో ఏసీ చల్లదనం ఆగిపోయింది. లోపల కూలింగ్ కాయిల్ లీకంట, డ్యాష్‌బోర్డ్ మొత్తం దించి మార్చారు. కాయిల్ 4,500, గ్యాస్ 1,500, లేబర్ 1,500. ఏసీ గాలి మంచులా తగులుతుంటే తెగ మురిసిపోయాను గానీ, అసలు చూడాల్సింది దాని వెనకాల ఉంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, ఇంజన్ నీళ్లని చల్లబరిచే రేడియేటర్ ముందే ఉంటుంది కదా, ఆ వేడిగాలంతా పోయి రేడియేటర్‌కే కొడుతుంది. ఏసీ పనిచేయనన్నాళ్లూ ఇంజన్ ఎలాగో నెట్టుకొచ్చింది, ఏసీ బాగయ్యాక దాని బలహీనత బయటపడింది.

ఏప్రిల్‌లో విజయవాడ నుంచి బందరు వెళ్తూ కంకిపాడు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. దిగి బానెట్ ఎత్తి రేడియేటర్ మూత తిప్పబోతుంటే పక్క షెడ్డులోంచి మెకానిక్ పరిగెత్తుకొచ్చి "ముట్టుకోకండి సార్, మొహం కాలుద్ది" అని ఆపాడు. అందుకు ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ తర్వాత చేసిన పనికి మాత్రం కాదు. అరగంట ఆగి నీళ్లు పోశాక, థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) ఊడదీసి నా చేతిలో పెట్టి "ఇది చలి దేశాలకండి, మన ఎండలకి అక్కర్లేదు" అన్నాడు. 400 తీసుకున్నాడు. అది లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, వేడెక్కలేదని పెట్రోలు ఎక్కువ లాగుతుంది. పదహారు ఇచ్చే మైలేజ్ పదమూడుకి పడిపోయింది, నేనేమో పెట్రోల్ బంకు మీద అనుమానపడ్డాను.

హైవే మీద బాగానే ఉండేది, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ ముల్లు లేచేది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే దిక్కు. అంటే ఫ్యాన్ తిరగట్లేదు. దానికి కరెంటు అందించే రిలే పోయిందా, సెన్సర్ పోయిందా చూడాలి. మనం వెళ్లిన ఎలక్ట్రీషియన్ అవేం చూడకుండా బ్యాటరీ నుంచి వైరు లాగి స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెట్టి 600 తీసుకున్నాడు. దీన్నే ఫ్యాన్ డైరెక్ట్ చేయడం అంటారు. ఎవరైనా ఈ మాట అంటే కారు తీసుకుని అక్కణ్ణుంచి వచ్చేయండి, దండం పెడతాను. స్విచ్ ఆపడం మర్చిపోయి రెండుసార్లు పొద్దున్నే బ్యాటరీ డౌన్, బండి ఎక్కితే చాలు ఆగకుండా తిరిగీ తిరిగీ డిసెంబర్‌లో ఫ్యాన్ మోటార్ కాలిపోయింది. ఆ రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర ముల్లు పైకి పోవడం చూశాను. చూసి కూడా, ఇల్లు రెండు కిలోమీటర్లే కదా అని తోలుకుంటూ పోయాను. ఈ మొత్తం కథలో పూర్తిగా నా తప్పంటే అదొక్కటే, ఖరీదైనదీ అదే.

మర్నాడు బండిని తాడు కట్టి ఆటోనగర్ లాక్కెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన ఇంజన్ ఆయిల్ మూత తిప్పి లోపలివైపు నాకు చూపించి "ఆయిల్ ఏది బాబూ, ఇదంతా కాఫీ" అన్నాడు. నిజంగానే పాలు కలిపిన కాఫీ రంగు. ఇంజన్ పైభాగానికీ (హెడ్) కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ అనే పొర పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి. రేడియేటర్ విప్పితే లోపల తెల్లగా సుద్ద పేరుకుపోయి సగం దారులు మూసుకుపోయాయి. నాన్న ఏళ్ల తరబడి పోసింది బోరు నీళ్లే, బందరు బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే తెలుస్తుంది అవెలా ఉంటాయో.

బిల్లు ఇదీ: రేడియేటర్ 3,800, ఫ్యాన్ మోటార్ 2,400, గ్యాస్కెట్ కిట్ 1,900, హెడ్ కాస్త వంగిందని లేత్‌లో ఫేసింగ్ 1,200, ఎలాగూ విప్పారు కాబట్టి వాటర్ పంప్ 1,400, తీసి పారేసిన థర్మోస్టాట్ మళ్లీ కొత్తది 650, కూలెంట్ 700, ఆయిల్, ఫిల్టర్ 1,800, లేబర్ 5,000. మొత్తం 18,850. మొదట్లోనే రేడియేటర్, రిలే చూపించుకుని ఉంటే ఐదారు వేలతో పోయేది.

ఇంట్లో అమ్మేయమన్నారు. నడిచే స్థితిలో ఉంటే అరవై వేలు ఇస్తానన్నాడు బ్రోకరు, ఇలా పడి ఉంటే పాత ఇనుము రేటే. ఆ అరవైకి ఇంకొకడి పాత కారు వస్తుంది, దాని రేడియేటర్లో ఏ నీళ్లు పోశారో మనకి తెలీదు. ఉంచేశాను. క్లచ్ సెట్ లేబర్‌తో సహా 6,500, స్పీడ్ బ్రేకర్ల దగ్గర కటకటలాడుతుంటే లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, అలైన్‌మెంట్ కలిపి 4,700. మ్యాట్ ఎత్తితే ఫ్లోర్ తుప్పుపట్టి వేలు దిగిపోయింది, సముద్రపు గాలి మహిమ. అతుకులు వేసి వెల్డింగ్ చేసినందుకు 6,000. ఏసీ దగ్గర్నుంచి కూడితే 44,550.

2025 మేలో పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఆర్సీ రెన్యువల్ కూడా వచ్చింది. ఫారం 25, గడువుకి అరవై రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ ముందు 600 ఉన్న ఫీజు నేను కట్టేనాటికి కార్లకి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, బండి తీసుకెళ్లి చూపించాలి. లైట్లు, హారన్, వైపర్లు చూశారు, అన్నీ సరే. తీరా ఛాసిస్ నంబర్ దగ్గరికొస్తే తుప్పులో అంకెలు కనపడవు. కిరోసిన్ గుడ్డ పెట్టి అరగంట రుద్దితే గానీ తేలలేదు. మీరు వెళ్లే ముందు రోజే ఇంట్లో రుద్దుకోండి.

2030 దాకా రాసిచ్చారు. స్టీరింగ్ కింద ఆ స్విచ్ వైరు పీకేశాం, ఫ్యాన్ ఇప్పుడు తనంతట తానే తిరుగుతోంది, మైలేజ్ పదిహేను దాటింది. నిన్నటి నుంచి సైలెన్సర్ దగ్గర ఏదో మోత వస్తోంది, ఆదివారం పెద్దాయన దగ్గరికి వెళ్లాలి.