పన్నెండు మందితో పీహెచ్‌డీయా?

మోకాలి లిగమెంటు తెగిన మహిళా కబడ్డీ క్రీడాకారులు మళ్లీ కూతకు వెళ్లాలా, ఆట మానుకోవాలా అన్న నిర్ణయానికి ఎలా వస్తారన్నది నా పరిశోధనాంశం. ప్రవేశ పరీక్ష, కోర్సు వర్కు, గైడు కేటాయింపు ఇబ్బంది లేకుండానే గడిచిపోయాయి. పరిశోధనా ప్రణాళికను కమిటీకి సమర్పించినప్పుడు మాత్రం చుక్కలు కనిపించాయి. అనుమతి పత్రం నిన్ననే చేతికి వచ్చింది కనుక కోపం చల్లారకముందే రాస్తున్నాను.

12 మందిని లోతుగా ఇంటర్వ్యూ చేస్తానని చెప్పగానే ఒక సీనియర్ ఆచార్యులు, ‘‘పన్నెండు మందితో పీహెచ్‌డీయా అమ్మా? ఇది ఆదివారం అనుబంధానికి పంపుకో’’ అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నా గైడుతో సహా. హైపాథిసిస్ (ముందుగా ఊహించి పరీక్షించే ప్రతిపాదన) ఏదని ఒకరు, శాంపిల్ సైజుకు ఫార్ములా ఏదని మరొకరు అడిగారు. చివరికి, 60 మందికి స్క్యాట్ ఇచ్చి టీ టెస్ట్ (రెండు గుంపుల సగటులను పోల్చే గణాంక పరీక్ష) చేయమని ఉచిత సలహా ఇచ్చారు. స్క్యాట్ అంటే 1977లో రెయినర్ మార్టెన్స్ రూపొందించిన, 15 ప్రశ్నలతో పోటీ ఆందోళనను కొలిచే పరీక్ష. వ్యాయామ విద్యా విభాగాల్లో అది సర్వరోగ నివారిణి. అయితే 30 సెకన్ల కూతలో బోనస్ గీత దాటబోయి కాలు వెనక్కి లాక్కున్న అమ్మాయి మోకాలికి భయపడిందా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేజారుతుందని భయపడిందా, పెళ్లి సంబంధం తప్పిపోతుందని భయపడిందా అన్నది ఆ మార్కులు చెప్పలేవు.

కమిటీ ముందు తిరిగి హాజరైనప్పుడు నేను వాదించలేదు. ముందస్తుగా చేసిన పైలట్ ఇంటర్వ్యూలో ఒకే క్రీడాకారిణి ఇచ్చిన రెండు జవాబులను పక్కపక్కన చూపించాను. కోచ్ ఎదురుగా కూర్చున్నంతసేపూ ఆమె ‘‘అంతా బాగానే ఉంది, సార్ చూసుకున్నారు’’ అన్నది. ఆయన విజిల్ పట్టుకుని మైదానంలోకి వెళ్లాక నీక్యాప్ కిందికి జారుస్తూ, ‘‘ఎడమ కాలి మీద దిగాలంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది మేడమ్’’ అన్నది. ఆనాడు నవ్వినవారు ఈసారి సమ్మతి పత్రంలో అక్షరదోషాలు మాత్రమే వెతికారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాల్లో సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల పరిశోధనకు ప్రత్యేక విభాగమే ఉందని నైతిక కమిటీలోని వైద్యురాలు గుర్తుచేసిన తరువాత ఫైలు కదిలింది.

ఈ దారిలో వచ్చేవారు గైడు అండగా నిలుస్తాడన్న భ్రమ పెట్టుకోకండి, మాట్లాడవలసింది మీరే. అనుమతి కోసం కోచ్‌ను కలవండి కానీ, ఇంటర్వ్యూ జరిగేచోట ఆయన ఉండకుండా చూసుకోండి. రాసేటప్పుడు పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు. జిల్లా, ఆడే స్థానం లెఫ్ట్ కార్నరా రైట్ కార్నరా అన్నది, గాయమైన సంవత్సరం, ఈ మూడూ రాస్తే కబడ్డీ తెలిసినవారు ఆ అమ్మాయిని ఇట్టే పోల్చుకుంటారు, సెలక్షన్లలో నష్టపోయేది ఆమె. అందుకని నేను జిల్లాను, ఆడే స్థానాన్ని రెండింటినీ తీసేస్తున్నాను.